‘వానికేమి గుర్తుండును?’ అను మాటను గూర్చి

చెవులు కుట్టించు వేడుకలో, మేనమామ యొడిలో కూర్చుండబెట్టిన యేడాది బిడ్డ చెవితమ్మెలోనికి కంసాలి బంగారు తీగను దూర్చిన క్షణమున, ఆ బిడ్డ గుక్కపట్టి యేడ్చుచుండగా, తల్లి కన్నులు చెమర్చుచుండగా, చుట్టునున్న పెద్దలలో నెవరో యొకరు తప్పక పలుకు మాట యొకటి కలదు: “ఊరుకోవే, పెద్దయ్యాక వాడికిది గుర్తుంటుందా ఏమన్నానా!” ఆ సందర్భమున నా మాట నిరపాయమైనదే, తల్లికి ఊఱట, బిడ్డకు బెల్లపు ముక్క, అంతటితో సరి. కాని యదే మాట యిల్లు దాటి, ఆసుపత్రి వరండాలలోను, విమానాశ్రయపు గుమ్మములయొద్దను, అర్ధరాత్రి యుయ్యాల ప్రక్కనే భార్యాభర్తలు గొంతులు చించుకొను గదులలోను వినవచ్చునప్పుడు, అది యోదార్పుగా నుండుట మాని సిద్ధాంతమై కూర్చుండుచున్నది. పసివానికి జ్ఞాపకముండదు గనుక పసితనమున జరిగినదానికి లెక్కలేదనుటయే యా సిద్ధాంతము. చదువుకొన్నవారు దీనికి శాస్త్రపు పూతగూడ పూయుచున్నారు: “మూడేళ్ళ దాకా మెదడే ఎదగదు కదండీ, ఇంక జ్ఞాపకమెక్కడిది?” ఈ సిద్ధాంతమును, విశేషించి యా పూతను, ఖండించుటకే నేనీ కలము పట్టితిని.

ప్రతిపక్షమునకు న్యాయముగా దక్కవలసినదానిని ముందే యిచ్చివేయుట మంచిది. పెద్దవారమైన మనలో నెవరును తమ మొదటి పుట్టినరోజును జ్ఞప్తికి తెచ్చుకొనలేరు. రెండవదానినిగూడ దాదాపు ఎవరును తెచ్చుకొనలేరు. విక్టర్ ఆన్రీ, కాథరీన్ ఆన్రీ అను దంపతులు ప్రశ్నపత్రములు పంపి, జనుల తొలి జ్ఞాపకములను సేకరించి, 1897లో ఫ్రెంచి భాషలో ప్రకటించిన నాటినుండి నేటివఱకు, ఎన్నిమాఱులు ఎందఱిని అడిగినను ఆ తొలి జ్ఞాపకము సామాన్యముగా మూడు, నాలుగేండ్ల ప్రాంతముననే తేలుచున్నది. 1905లో ఫ్రాయిడు దీనికి శైశవవిస్మృతి యని పేరుపెట్టి, పసినాటి కామవాసనలను మనస్సు అణచివేయుటయే హేతువని చెప్పెను. ఆ హేతువు నిలువలేదు, పేరు మాత్రము నిలిచినది. ఊయలలో పండుకొన్నది నాకు స్పష్టముగా జ్ఞాపకమున్నదని ప్రగల్భములు పలుకువారి పక్షమునను నేను నిలువబోను. శిశువుల బుద్ధివికాసమును జీవితకాలము పరిశోధించిన జాఁ పియాజే మహాశయునికే, రెండవయేట పారిస్ వీథిలో తన్ను నొకడు తోపుడుబండిలోనుండి ఎత్తుకొనిపోజూచుటయు, దాది వానితో పెనగులాడి మొగము గీఱుకొనుటయు, కన్నులకు గట్టినట్లు జ్ఞాపకముండెను; ఆయనకు పదునైదేండ్ల ప్రాయము వచ్చిన పిమ్మట ఆ దాది, కథనంతయు తానే కల్పించితినని యొప్పుకొని, బహుమానముగా తనకు లభించిన గడియారమును తిరిగి పంపివేసెను. విన్న కథయే చూచిన దృశ్యమైనది. కావున, పసినాటి ఘటనలను పెద్దనాడు కథగా చెప్పజాలమను మాటను నేను సంపూర్ణముగ నంగీకరించుచున్నాను.

అయినచో వాదమెక్కడ? ‘తలచుకొనలేడు’ అను మాటనుండి ‘నిలుపుకొనలేదు’ అను మాటకు, అక్కడనుండి ‘నష్టము లేదు’ అను మాటకు, నడుమ నున్న దూరమును కొలువకుండ గోడ దూకినట్లు దూకుటలో నున్నది. మన నైయాయికులైనచో ఈ దూకుడును మొదటి గోడయొద్దనే పట్టుకొనియుందురు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చేతబట్టిన ప్రథమవిద్యార్థికిగూడ, అనుభవము ఆత్మయందు సంస్కారమును విడుచుననియు, ఆ సంస్కారమునుండి పుట్టు జ్ఞానమునకే స్మృతియని పేరనియు, రెండును ఒకటి కావనియు తెలియును. సంస్కారమున్నంత మాత్రమున స్మృతి కలుగదు. దానిని మేలుకొలుపు ఉద్బోధకము కావలెను. ఏనుగు కంటబడినప్పుడే మావటివాడు తలపునకు వచ్చును. ఏనుగు రాలేదు గనుక మావటివానిని మన మెన్నడును చూడనేలేదని వాదించువాని నే పండితుడు మన్నించును? అంతియేకాదు, అప్పుడే పుట్టిన శిశువునకు చనుబాలయందుగల యభిలాషను చూపి, ఇది పూర్వజన్మాభ్యాసమునకు సాక్ష్యమని గౌతముడు న్యాయసూత్రములలో వాదించెను. 1980లో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ అను నమెరికను శాస్త్రజ్ఞులు, పుట్టి మూడు దినములైన నిండని శిశువులు తాము చప్పరించు తీరును మార్చుకొనియైనను, పరస్త్రీ కంఠమును గాక తల్లి కంఠమునే వినగోరుదురని చూపిరి. 1986లో డికాస్పర్, మెలనీ స్పెన్స్ అనువారు, గర్భము చివరి యాఱు వారములు తల్లి బిగ్గరగా చదివిన కథను, పుట్టిన పిమ్మట మఱియొక స్త్రీ చదివినను, శిశువు కొత్తకథకంటె నెక్కువగా కోరునని చూపిరి. మహర్షి పూర్వజన్మదాక పోయెను గాని, పూర్వమాసమే చాలియుండెడిది.

ఈ విషయమున నొక తల్లి తన బిడ్డ యుయ్యాల ప్రక్కననే గొప్ప పరిశోధన చేసిన వృత్తాంతము చెప్పక తప్పదు. కారొలిన్ రోవీ-కాలియర్ అను నమెరికను మనశ్శాస్త్రవేత్త, 1960లలో, చదువుకొనుటకు తీఱిక చిక్కక, పసికందైన కుమారుని కాలిమడమకు నొక నాడా కట్టి, దాని రెండవ కొనను ఊయలపై వ్రేలాడు బొమ్మల గుత్తికి ముడివేసెను. బిడ్డ కాలు తన్నినకొలది బొమ్మలు గంతులు వేయుచుండెను. బిడ్డ కాసేపటిలోనే యా రహస్యము గ్రహించి యింకను గట్టిగా తన్నజొచ్చెను. తల్లికి గ్రంథపఠనమునకు సమయము చిక్కెను. ఆ నాడాయే తరువాత రట్గర్స్ విశ్వవిద్యాలయమున దశాబ్దముల పరిశోధనకు సాధనమైనది. రెండు నెలల బిడ్డ యీ పాఠమును ఒకటి రెండు దినములు నిలుపుకొనును. మూడు నెలల బిడ్డ సుమారు వారము దినములు. ఆఱు నెలల బిడ్డ రెండు వారములు. బొమ్మ రైలును మీట నొక్కి నడిపించు పదునెనిమిది నెలల బిడ్డ పదుమూడు వారములు. మెదడు ఎదుగుకొలది మఱపు వెనుకకు జరుగుచున్నదే కాని, జ్ఞాపకము పుట్టని ప్రాయమొకటి యెక్కడను కానరాలేదు. ఇంతకంటె నాశ్చర్యకరమైనది మఱియొకటి కలదు. మూడు నెలల బిడ్డలు రెండు వారములైన పిమ్మట పాఠమును పూర్తిగా మఱచిరి. కాని పరీక్షకు ముందుదినమున, వారి కాలికి నాడా కట్టకయే, ఆ బొమ్మల గుత్తిని వారి యెదుట మూడు నిమిషములు కదలించి చూపినంతనే, మఱచిన పాఠము మరల మేలుకొనెను. నాలుగు వారములైన పిమ్మటగూడ మేలుకొనెను. 1980లో ప్రకటింపబడిన యీ ఫలితమును చదివినప్పుడు, ఉద్బోధకమను పారిభాషికపదము పాఠశాలా శ్లోకమునుండి లేచివచ్చి యుయ్యాలపై వ్రేలాడినట్లు నాకు తోచెను.

ఇక ‘మెదడు ఎదగలేదు’ అను పూతయొద్దకు వత్తును. జ్ఞాపకమనునది మెదడులో నొకే గదిలో దాచిన యొకే మూట యని తలచువారికి, 1953లో మూర్ఛవ్యాధికై శస్త్రచికిత్స పొంది, మెదడు రెండు ప్రక్కల జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోక్యాంపసు భాగమును పోగొట్టుకొన్న హెన్రీ మొలైసన్ చరిత్రము గట్టి సమాధానము. ఆయన నిమిషముల క్రిందట తన్ను పలుకరించిన వైద్యుని గుర్తింపజాలకుండెను. అట్టివాని చేత మనశ్శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అద్దములో చూచుచు నక్షత్రాకారమును గీయించి చూచినప్పుడు, దినదినమునకు వాని చేయి నేర్పరి యగుచునే యుండెను. ఆ చేతి యజమాని మాత్రము ప్రతిదినము నీ పని నెన్నడును చేయలేదనియే చెప్పుచుండెను. చెప్పు నోరు వేఱు, ఎఱిగిన చేయి వేఱు. పసివాడు మొలైసన్ వంటివాడని నేననుట లేదు, పసివాని హిప్పోక్యాంపసు పోలేదు, కట్టబడుచున్నది. కాని ‘నోరు చెప్పలేదు గనుక ఏమియు నిలువలేదు’ అను తర్కము మొలైసన్ నక్షత్రముముందే విఱిగిపోయినది.

కట్టబడుచున్నదంటిని. ఈ మాటయొద్ద కొంచెము నిలువవలెను, ఏలయన ప్రతిపక్షుల పొరపాటంతయు దీనిని ‘కట్టబడలేదు’ అని చదువుకొనుటలోనే యున్నది. పుట్టిననాటి మెదడు పెద్దవాని మెదడు తూకములో నాలుగవవంతు మాత్రమే. రెండేండ్లు నిండునప్పటికి ముప్పాతికకు చేరును. జీవితమున మఱియే రెండేండ్లలోను మెదడు ఇంత వేగముగ పెరుగదు. నాడీకణముల నడుమ సంధులు పెద్దవానికి కావలసినదానికంటె నెక్కువగా మొలచి, దృష్టికి సంబంధించిన భాగమున మొదటి యేటనే పరాకాష్ఠనందుకొని, వాడుకకు రానివి క్రమముగ రాలిపోవును. నుదుటి వెనుకనున్న భాగమున నీ రాలుడు కౌమారము దాటువఱకు సాగును. హిప్పోక్యాంపసులోని డెంటేట్ గైరస్ అను భాగము నాలుగైదేండ్లవఱకు రూపు దిద్దుకొనుచునే యుండును. ఇంతటి నిర్మాణము సాగుచోట పాతగుర్తులు కనబడకపోవుటలో వింత యేమున్నది? పొలములో పాతగట్లను చదునుచేసి కొత్తకాలువ తీసినప్పుడు, పూర్వపు కాలిబాట కానరాకపోవును. ఆ బాటను నడిచినవారే లేరని దాని యర్థము కాదు, నడిచిన పాదముల వలన నేల గట్టిపడలేదనియు కాదు.

ఇది నా యుపమానము మాత్రమే యైనచో ప్రతిపక్షులు నవ్వవచ్చును. కాని దీనికి ప్రత్యక్షప్రమాణమున్నది. పదునెనిమిది దినముల యెలుకపిల్లకు నేర్పిన భయమును అది కొలది వారములలో మఱచుననియు, అదే భయమును పెద్ద యెలుక యాఱు వారములకైనను మఱవదనియు క్యాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞుడు 1962లోనే చూపెను. ఎలుకకు భాష లేదు, ఫ్రాయిడు చెప్పిన లజ్జ లేదు. అయినను శైశవవిస్మృతి యున్నది. గినీ పందులకు మాత్రమీ విస్మృతి లేదు (పేరు పందియైనను అవి యెలుకల చుట్టములే), ఏలయన నవి కన్నులు తెఱచి, రోమములతో, నడువగల కాళ్ళతో, దాదాపు పూర్తియైన మెదడుతో పుట్టును. ఈ రెంటి భేదమునకు మూలమేమో 2014లో టొరాంటోలోని పాల్ ఫ్రాంక్‌లాండ్, షీనా జాసెలిన్ బృందము తేల్చెను. డెంటేట్ గైరస్‌నందు పసితనమున కొత్త నాడీకణములు విస్తారముగ పుట్టుచుండును. అవి పాతవలయములలో చొరబడి, తమకు చోటు చేసికొని, పూర్వపు అల్లికను చెదరగొట్టును. ఆ పుట్టుకను అణచినచో ఎలుకపిల్ల నేర్చినదానిని ఎక్కువకాలము నిలుపుకొన్నది. పెద్ద యెలుకను చక్రముపై పరుగెత్తించి యా పుట్టుకను పెంచినచో, అదివఱకు నేర్చినదానిని అది మఱచినది. మఱవని గినీ పందులలో నా పుట్టుకను పెంచినచో నవియు మఱచినవి. ఎదుగలేకపోవుట వలన గాదు, ఎదుగుట వలననే మఱపు!

అయినను మఱచినది పోయినట్లేనా? ఆ టొరాంటో బృందమే 2018లో మఱియొక యడుగు ముందుకు వేసెను. ఎలుకపిల్ల పాఠము నేర్చునప్పుడు మేల్కొన్న నాడీకణములకు గుర్తుపెట్టి, మూడు నెలలు గడచిన పిమ్మట, ఆ పాఠము పూర్తిగా పోయినదనుకొన్న యెలుక పెద్దదైన పిమ్మట, ఆ కణములనే వెలుగుతో తట్టి లేపగా, పోయినదనుకొన్న భయము తిరిగి కనబడెను. ముద్ర యుండెను, మేలుకొలుపు లేకుండెను. మనుష్యశిశువునందును ఇదే జరుగుచున్నదని యెలుకను చూచి ప్రతిజ్ఞ చేయరాదు, నేను చేయుటయు లేదు. కాని మనుష్యశిశువు మెదడులోనికే తొంగి చూచినవారున్నారు: యేల్ విశ్వవిద్యాలయమున ట్రిస్టన్ యేట్స్, నిక్ టర్క్-బ్రౌన్ ప్రభృతులు, నాలుగు నెలలనుండి యిరువదియైదు నెలలవఱకు వయస్సుగల 26 మంది బిడ్డలను మేలుకొనియుండగనే ఎమ్.ఆర్.ఐ. యంత్రమున నుంచి, బొమ్మలు చూపిరి. (ఆ వయస్సు బిడ్డను క్షణము కదలకుండ పట్టియుంచిన తల్లులకిది యెంతటి కార్యమో నేను చెప్పనక్కఱలేదు.) ఏ బొమ్మను చూచునప్పుడు హిప్పోక్యాంపసు ఎక్కువగా మేల్కొనెనో, ఆ బొమ్మనే తరువాత గుర్తించినట్లు బిడ్డ నిలిచి చూచెను; ఏడాది నిండినవారియందు ఇది స్పష్టముగ కనబడెను. 2025లో వెలువడిన యీ ఫలితము తరువాతగూడ, మూడేండ్లవఱకు జ్ఞాపకయంత్రము పనిచేయదని చెప్పువారు ఏ శాస్త్రమును ఉదాహరింతురో నాకు తెలియదు.

భాష సంగతి యొకటి చెప్పవలెను. న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమున గాబ్రియెల్ సిమ్‌కాక్, హార్లీన్ హేన్ అనువారు, రెండేండ్లు దాటిన పిల్లలకొక మాయపెట్టెను చూపిరి. పెద్దబొమ్మను పైన వేసి పిడి త్రిప్పినచో చిన్నబొమ్మ వెలువడును. ఆఱు నెలలకో, యేడాదికో తిరిగి యడిగినప్పుడు, పిల్లలు ఛాయాచిత్రములను గుర్తించిరి, పెట్టెను ఎట్లు నడుపవలెనో చేసి చూపిరి. కాని మాటలలో చెప్పవలసివచ్చినప్పుడు, ఆనాడు తమకు రాని మాట నొక్కదానినైనను వాడలేదు, ఈలోపల నా మాటలన్నియు వచ్చినను! అనుభవము ఏ పాత్రలో పోయబడెనో ఆ పాత్రలోనే నిలిచిపోయెను. తరువాత వచ్చిన భాష దానిని తన పాత్రలోనికి వంపుకొనలేకపోయెను. ఇది చదివినప్పుడు, మనము ‘గుర్తు లేదు’ అని చెప్పుచున్నది నిజమునకు ‘అనువాదము లేదు’ అను మాటయేమో యని నాకనిపించును. పూర్వకథలను పిల్లల యెదుట విస్తారముగ ముచ్చటించుకొను న్యూజీలాండు మూలవాసులగు మావోరీల తొలి జ్ఞాపకము సగటున మూడేండ్లకు లోపలనే యుండుట గూడ, ఇంటిలో జరుగు సంభాషణకు ఈ వ్యవహారమున నెంత చేయి యున్నదో తెలుపుచున్నది.

చెప్పజాలనిది చెవిలో నిలుచుటకు తెలుగువారికి సులభముగ తెలియు నిదర్శనమొకటి కలదు. మనకు ‘ట’కారమునకు ‘త’కారమునకు గల భేదము చెవినబడిన వెంటనే తెలియును, ఆంగ్లము మాత్రమే యెఱిగిన పెద్దలకు తెలియదు. ఇదే భేదమును హిందీ ధ్వనులతో పరీక్షించి, ఆంగ్లగృహములలోని యాఱు, ఎనిమిది నెలల బిడ్డలు దానిని చక్కగ పట్టుకొందురనియు, ఏడాది నిండువేళకు ఆ శక్తి సన్నగిల్లుననియు జెనెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు 1984లో కెనడాలో చూపిరి. మఱియు, పసితనమున మొదటి యేడాది రెండేండ్లు హిందీ విని, తరువాత దానిని పూర్తిగా విడిచి, ఒక్క మాటయు రాని స్థితిలో పెరిగినవారు, పెద్దయైన పిమ్మట నా భేదమును పట్టుకొనగలిగిరి. 2014లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయమువారు, చైనాలో పుట్టి, సగటున పదుమూడు నెలల ప్రాయమున ఫ్రెంచి గృహములకు దత్తత వెళ్ళి, చీనాభాషను పూర్తిగ మఱచిన బాలికలను తొమ్మిది, పదునేడేండ్ల నడుమ పరీక్షించినప్పుడు, చీనాస్వరములు వినగానే వారి మెదడు ఆ భాష నిత్యము మాటలాడువారి మెదడువలెనే స్పందించెను. ఫ్రెంచి మాత్రమే యెఱిగిన బాలికల మెదడు అట్లు స్పందింపలేదు. ఆ బాలికలను అడిగినచో చీనా మాట యొక్కటియు మాకు రాదనియే చెప్పుదురు. ఎవరి సాక్ష్యము నమ్మదగును?

ఇంతవఱకు వాదము మర్యాదగా సాగినది. ఇక, ఈ సిద్ధాంతము చేసిన యపకారమును చెప్పునప్పుడు నా గొంతు కొంచెము హెచ్చినచో పాఠకులు క్షమింతురు గాక. 1980ల ప్రారంభమున ఆక్స్‌ఫర్డునందు పనిచేయుచున్న కన్వల్‌జీత్ ఆనంద్ అను భారతీయవైద్యుడు, శస్త్రచికిత్సనుండి తిరిగివచ్చు నెలలు నిండని శిశువుల దురవస్థను చూచి, అక్కడ నేమి జరుగుచున్నదని విచారించెను. శిశువును కదలకుండ చేయుటకు కండరములను స్తంభింపజేయు మందును, దానితో స్వల్పముగా నైట్రస్ ఆక్సైడును ఇచ్చి, గుండె దాపున కత్తి పెట్టుచుండిరి. నొప్పిని నిజముగ నణచు మందును ఇచ్చుట వాడుకలో లేకుండెను. మత్తుమందు పసిప్రాణమునకు ప్రమాదమను భయము కొంత న్యాయమైనదే. దానిని నేను తప్పుపట్టను. కాని యా భయమునకు తోడుగ నిలిచి, వైద్యుల మనస్సులకు జోలపాడినది మన వరండా సిద్ధాంతమే: నాడులు పరిపక్వములు కాలేదు, నొప్పి తెలియదు, తెలిసినను గుర్తుండదు. ఆనంద్ నొప్పినణచు ఫెంటనిల్ ఇచ్చిన శిశువులను, ఈయని శిశువులను పోల్చి చూచి, ఇచ్చినవారియందు శరీరక్షోభను తెలుపు హార్మోనులు తక్కువగ నుండుటయే గాక, శస్త్రచికిత్సానంతరము ఉపద్రవములును తక్కువగ నుండుటను 1987లో ప్రకటించెను. ఆ యేడే అమెరికా బాలవైద్యుల అకాడమీ తన పాతపద్ధతిని విడిచి, శిశువులకును మత్తుమందు ఈయవలెనని ప్రకటించెను. దాని కర్థమేమనగా, మనుష్యుడు చంద్రునిపై నడచిన పిమ్మట పదునెనిమిదేండ్లదాక, ‘గుర్తుండదు’ అను మాటతోనే ఆ గదులలో పని జరుగుచుండెను.

గుర్తుండెనా, యుండలేదా యను ప్రశ్నకు 1997లో టొరాంటోనుండి జవాబు వచ్చెను. పుట్టిన కొలదిదినములకే నొప్పినణచు పూత లేకుండ సుంతీ చేయబడిన మగశిశువులు, నాలుగు, ఆఱు నెలలకు టీకా సూది గ్రుచ్చినప్పుడు, సుంతీ కాని శిశువులకంటె హెచ్చుగా బాధపడిరి. పూత పూసి చేసినవారు ఆ రెంటి నడుమ నిలిచిరి. కథ చెప్పు స్మృతి లేకుండెను. దేహము మాత్రము లెక్క వ్రాసికొనియుండెను.

రుమానియా యనాథశరణాలయముల కథ దీర్ఘమైనది, నే నొక్క వాక్యముతో సరిపుచ్చెదను. 2000వ సంవత్సరమున బుకారెస్టులో 136 మంది శిశువులతో మొదలైన పరిశోధనలో, శరణాలయమునుండి పెంపుడుగృహములకు పంపబడినవారు బుద్ధియందు తేఱుకొనిరి, అందును రెండేండ్లు నిండకముందే యొక తల్లివంటి చేతులలో పడినవారు, ఆ తరువాత పోయినవారికంటె మేలుగ తేఱుకొనిరి. ఆ రెండేండ్లలో నొక్క దినమునైనను వారిలో ఎవరును తలచుకొనలేరు.

అయినచో, బిడ్డ మోకాలు దోకుకొన్న ప్రతిమాఱు జీవితమంతయు మచ్చపడునా యని యెవరైన నెగతాళి చేయవచ్చును. పడదు. పెరుగుచున్న మెదడు మఱచుటలో నెంత నేర్పరియో, తేఱుకొనుటలోను అంత నేర్పరి. బుకారెస్టు బిడ్డలే సాక్షులు. నాకు కోపము తెప్పించు మఱియొక జాతి కూడ కలదు: అభిమన్యుడు తల్లిగర్భమున పద్మవ్యూహము వినెనను జనశ్రుతిని, ప్రహ్లాదుడు నారదోపదేశము వినెనను భాగవతకథను చూపి, గర్భిణికి మూడు నెలల ‘కోర్సు’లను, ఏడాది బిడ్డకు అక్షరపు అట్టలను అమ్మువారు. భాగవతమున నొక చమత్కారమున్నది: ఆ యుపదేశమును విన్న తల్లి కాలక్రమమున మఱచెను, గర్భస్థశిశువు మఱవలేదు, అది మునీశ్వరుని యనుగ్రహమని ప్రహ్లాదుడే చెప్పుకొనెను. అట్టి యనుగ్రహము నెలకింతయని రుసుముతో లభించునదైనచో నేనును ఊరకుందును. గర్భశిశువు వినునది తల్లికంఠపు లయను గాని, వ్యూహశాస్త్రమును గాదు. ఏడాది బిడ్డ మెదడు సంచి కాదు నింపుటకు. ‘ఏమియు నిలువదు’ అనువారును, ‘అంతయు నిలుచును, కొనుడు’ అనువారును, స్మృతియనగా చెప్పగల పాఠమనియే తలచుచున్నారు గనుక, ఒకే పొరపాటునకు రెండు మొగములు.

ఇక విమానాశ్రయపు గుమ్మమునకు తిరిగి వత్తును. మా వీథిలో నొక యమ్మమ్మ కలదు. కూతురు, అల్లుడు అమెరికాలో నుద్యోగములు చేయుచు, ఐదు నెలల బిడ్డను ఆమె యొడిలో నుంచి వెళ్ళి, రెండేండ్లు దాటగానే వచ్చి తీసికొనిపోయిరి. ఇట్టి గృహములు మన జిల్లాలలో నేడెన్నియో కలవు. వారి యవసరమును నేను నిందింపను, సెలవులు చాలని దేశమున వారేమి చేయుదురు! బిడ్డ ఆమె కొంగు విడువక యేడ్చినప్పుడు, వారు పలికిన మాట మాత్రము పాఠకులూహింపగలరు: “నెల రోజుల్లో మర్చిపోతాడమ్మా, పసివాడు.” నెలయైన పిమ్మట బిడ్డ యేడ్పు మానెనట, మఱచెనని వారు సంతోషించిరి. రెండు నెలలు పెంపుడుకుక్క కనబడకపోయిన నింతకంటె నెక్కువ విచారణ జరుగును. ఆ రెండేండ్లలో వానికి తల్లియనగా నెవరో, నిద్రయనగా నే పాటయో, అన్నమనగా నే చేతిరుచియో, వాని దేహము నేర్చుకొన్నదంతయు ఒక్క విమానప్రయాణముతో రద్దుకాలేదు. దానిని పలుకరించువారు లేకపోయిరి, అంతియే. అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున ప్యాట్రిషియా బావర్, మెరీనా లార్కినా అనువారు, మూడేండ్ల పిల్లలతో వారి జీవితఘటనలను మాటలాడించి, పిదప కొందఱిని ఐదవయేట, కొందఱిని తొమ్మిదవయేట, ఇట్లు వేర్వేఱు వయస్సులయందు తిరిగి ప్రశ్నించిరి. ఏడేండ్లలోపువారు ఆ ఘటనలలో 60 శాతమునకు మించి చెప్పగలిగిరి. ఎనిమిది, తొమ్మిదేండ్లవారు 40 శాతమునైనను చెప్పలేకపోయిరి. అనగా, పసినాటి జ్ఞాపకము పసితనముననే పోవుట లేదు. ఏడేండ్లవఱకు వాకిట నిలిచి, ఎవరైన పిలుతురేమో యని చూచి, పిమ్మట వెడలుచున్నది.

ఆ యమ్మమ్మకు బావర్ తెలియదు, రోవీ-కాలియర్ తెలియదు. ప్రతి యాదివారము ఉదయము ఫోనులో మనుమని మొగము కనబడగానే, క్షేమసమాచారములకు ముందు, వానిని నిద్రబుచ్చుటకు రెండేండ్లు పాడిన జోలపాటను మొదటినుండి చివరవఱకు పాడును. వాడు తెరవంక చూడడు, బొమ్మకారు త్రిప్పుకొనుచుండును. కూతురు మెత్తగా, “అమ్మా, వాడికది గుర్తులేదే, ఇంక వేరే మాట్లాడు” అనును. పాట మూడు నిమిషములైన నుండదు. ఆ మూడు నిమిషములు ఫోను కట్టివేయవలదని, కారు త్రిప్పుచున్న వాని చేయి పాట నడుమ నెక్కడైన నాగుచున్నదేమో చూడవలెనని, నే నా కూతురికి జాబు వ్రాసియున్నాను, జవాబింకను రాలేదు.